డిస్కు మింగిన ఉపన్యాసం

నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే జుబేదాకు నిజం మొహం మీదే చెప్పే అలవాటుంది. భర్త అబ్దుల్ గఫార్ టీవీలు విప్పుతుంటే పక్కన కూర్చుని టంకం పెట్టడం నేర్చుకుంది. టీవీల పని తగ్గాక ఆయన సెల్‌ఫోన్ కవర్ల అమ్మకంలోకి దిగాడు, ఆమె లాప్‌టాప్‌లు పట్టుకుంది. ఇది బాగవదని ఆమె అంటే అలిగి వెళ్లినవాళ్లు ఇంకో రెండు షాపులు తిరిగి మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు.

మొన్న క్రోసూరు నుంచి వెంకట్రామయ్య, భార్య పార్వతమ్మ వచ్చారు. ఆయన రెండుసార్లు సర్పంచ్‌గా చేశాడు. లాప్‌టాప్ ఆన్ చేస్తే నీలం తెర వచ్చి ఆగిపోతోంది. డిస్కులో బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైన చోట్లు, పడ్డాయని ఎవరో చెప్పారట, వాటిని గీకి తీసేయమన్నాడు.

జుబేదా లోపలి డిస్కు, అదే ఎస్సెస్డీ, ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది. చూయింగ్ గమ్ పట్టీ అంత ఉంది. గీకడానికి ఇందులో ఏమీ లేదంది. సమాచారమంతా చిన్న చిన్న గళ్లలో ఉంటుందనీ, రాయగా రాయగా కొన్ని అరిగిపోతాయనీ, వాటి బదులు వాడుకోవడానికి డిస్కు దాచుకున్న గళ్లు కూడా అయిపోవచ్చాయనీ చెప్పింది.

"అయితే రిపేరు చెయ్యలేవా?"

"అరిగిన గడికి రిపేరు లేదు బాబాయ్. ముందు లోపలున్నది బయటికి లాగుదాం. తర్వాత కొత్తది వేసుకుందురు."

డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి కాపీ మొదలుపెట్టింది. పాసుపుస్తకాల ఫొటోలు, మిరపతోట ఫొటోలు, మనవరాలు భవిత డాన్సు అన్నీ వచ్చాయి. ఒక్క వీడియో దగ్గర మాత్రం ఆగింది. పదవి దిగిన రోజు సన్మానసభలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం అది, గంటా నలభై నిమిషాలు. "సభాధ్యక్షులవారికి" అన్నంతవరకు వచ్చి తెగిపోయింది. వేరే కాపీ లేదు.

వెంకట్రామయ్య జుబేదా తెప్పించిన టీ కూడా ముట్టకుండా బయటికెళ్లి నిలబడ్డాడు. జుబేదాకు జాలేసింది. పార్వతమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏమే జుబేదా, మీ బాబాయ్ ఇంటికెవరొచ్చినా అదే చూపిస్తన్నాడు. బోరు రిపేరుకొచ్చిన మనిషిని గూడా వదల్లా. నువ్వు చానా కష్టపడబాకమ్మా."

జుబేదాకు నవ్వొచ్చింది. కానీ ప్రయత్నం చేయకుండా రాలేదని చెప్పడం ఆమె వల్ల కాదు. ఫైలును చివరినుంచి వెనక్కి చదివించింది. గంట తర్వాత ఆఖరి నాలుగు నిమిషాలు దొరికాయి.

తెరమీద వెంకట్రామయ్య కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఈ పదేళ్లలో తాను తిన్నానో లేదో చూసింది పార్వతమ్మ ఒక్కతేననీ, ఊరి తగాదాలన్నీ ఇంటికి తెచ్చి ఆమె ప్రాణం తీశాననీ చెబుతున్నాడు.

సభ రోజు పార్వతమ్మ వంటవాళ్ల దగ్గర ఉంది. ఇంట్లో ఆయన ఈ వీడియో పెట్టినప్పుడల్లా పది నిమిషాలకే ఏదో పని వంకన లేచి వెళ్లిపోయేది. ఇక్కడి దాకా ఎప్పుడూ వినలేదు.

"ఇది నా గురించి అన్నావా?" అని అడిగింది, గుమ్మంలో నిలబడ్డ భర్తను.

"సాంతం విని చస్తేగా నువ్వు," అన్నాడాయన.

కొత్త డిస్కు వేసి, ముఖ్యమైనవి రెండు చోట్ల దాచుకోమని జుబేదా చెప్పింది. పార్వతమ్మ ఆ నాలుగు నిమిషాలనూ నాలుగు చోట్ల పెట్టించుకుంది.