ఎంద్రె ఉడకబెట్టిన బీరు తోడు

నార్వే పడమటి కొండల్లో, వోస్ దగ్గర, పెళ్లీ పెటాకులూ లేని ఎంద్రె ఇంట్లో చెక్క ముక్కలు గుచ్చిన హారం ఒకటి ఉండేది. బీరు పులిసి నురగ లేచాక ఆ హారాన్ని నురగలో ముంచి ఆరబెట్టేవాళ్లు. మళ్లీ బీరు కాచినప్పుడు దాన్నే తియ్యటి బార్లీ కషాయంలో పడేసేవాళ్లు. పాలకి తోడు ఎలాగో బీరుకి ఇది అలాగ. ఎంద్రెకి వాళ్లమ్మ నుంచి వచ్చింది, ఆవిడకి అత్తగారి నుంచి. ఇందులో పవిత్రత ఏమీ లేదు. తోడు లేకపోతే క్రిస్మస్‌కి బీరు లేదు, బీరు లేని ఇంటి గడప ఎవరూ తొక్కరు.

ఏళ్ల తరబడి మంచులో దుంగలు లాగిన ఎంద్రె వేళ్లు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు కూడా చూసుకుంటే గాని పెట్టుకోలేడు. అయినా ఆ ఏడు కషాయం చల్లారిందో లేదో చేత్తోనే చూశాడు. థర్మామీటరు రోగులకి గాని బీరుకి కాదని వాళ్లమ్మ అనేది. గోరువెచ్చగానే ఉందనుకుని హారం పడేశాడు. తెల్లారేసరికి నురగ లేదు గాని వేళ్ల మీద బొబ్బలు లేచి ఉన్నాయి. కషాయం ఎంత వేడిగా ఉండిందో అప్పుడు తెలిసింది. తోడు ఉడికి చచ్చింది.

ఇలాంటిది ఆ ఊళ్లో కొత్త కాదు. తోడు పోతే పక్కింట్లో తెచ్చుకుంటారు. అడిగినవాళ్లకి లేదనకూడదంటారు. అది మంచితనమేం కాదు: నువ్విచ్చింది పొరుగింట్లో బతికుంటే రేపు నీకే పనికొస్తుంది. ఎంద్రె గిన్నె పట్టుకుని పొరుగున ఉన్న నిల్స్ ఇంటికి వెళ్లాడు.

"ఏమోయ్, దారి తప్పావా?" అన్నాడు నిల్స్.

"తోడు కావాలి."

"నీకా! సిన్నేవా, ఇది విన్నావా? తోడు మహారాజు చిప్ప పట్టుకొచ్చాడు."

"వేడిలో వేశాన్రా. చచ్చిపోయింది."

నిల్స్ నవ్వు ఆపేశాడు. "మా దగ్గరెక్కడిది? మాది చెడినప్పుడు నీ దగ్గరికే వచ్చానుగా. ఏమన్నావు?"

ఎంద్రెకి గుర్తుంది. తన బీరు తొట్టి సరిగ్గా కడుక్కోకుండా, మా అమ్మ ఇచ్చిన తోడే పులుపని ఊరంతా చాటేవాడికి ఇవ్వనన్నాడు.

"కోపంలో అన్నాను."

"కోపంలో అన్నావో, చలిలో అన్నావో, నేను మాత్రం ఖాళీ చేతుల్తోనే ఇంటికొచ్చాను."

"పైన క్నూత్ వాళ్ల దగ్గర ఉంటుందేమో?"

నిల్స్ భార్య సిన్నేవ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ ముసలాయన పోయాక కోడలు ఆ హారాన్ని పొయ్యిలో పెట్టేసింది. పుల్లముక్కలనుకుందిట. అవతలి గట్టు వాళ్లు కాయడమే మానేశారు. ఇంకెవరున్నారు, ఎంద్రె?"

ఇంకెవరూ లేరు. సిన్నేవ అలమర తీసి ఒక పొట్లం అతని చేతిలో పెట్టింది.

"రొట్టెల ఈస్టు. దుకాణంలోదే. మేం దీంతోనే కాస్తున్నాం."

"దీంతో కాస్తే అదేం బీరు?"

"నిరుడు మా ఇంట్లో నువ్వు తాగిందే."

"నేనా?"

"నువ్వే. రెండోసారి పోయించుకున్నావు కూడా."

నిల్స్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు. అదే ఎంద్రెకి ఎక్కువ కష్టంగా తోచింది.

క్రిస్మస్‌కి నలుగురూ వచ్చారు. పొట్లంలో ఈస్టుతో కాచిన బీరు పోసిన చెక్క గిన్నె చేతులు మారింది. ఎప్పటిలాగే ఉంది, మీ అమ్మ కాచినట్టే ఉందన్నారు. ఎంద్రె తనూ ఒక గుక్క నాలుక మీద నిలుపుకుని తేడా కోసం వెతికాడు. మరో గుక్క తాగి మళ్లీ వెతికాడు. గిన్నె ఖాళీ అయింది గాని తేడా దొరకలేదు.