పెనుమూడి రేవులో మా అమ్మాయి గొంతు

మా పిల్లలిద్దరినీ స్కౌట్స్‌లో చేర్పించింది నేను కాదు. నిజం చెప్పాలంటే వద్దన్నదాన్నే నేను.

అప్పుడు తెనాలిలో ఉండేవాళ్ళం. మావారు రేపల్లెలో లెక్చరరు. పొద్దున్నే ప్యాసింజరు బండిలో వెళ్ళి, సాయంత్రం అదే బండిలో వచ్చేవారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి ఆరు. ఓ సాయంత్రం ఇద్దరూ బడి నుంచి తలో కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. అబ్బాయి స్కౌట్స్‌లో, అమ్మాయి గైడ్స్‌లో చేరడానికి మేం సంతకం పెట్టాలట.

"ఆదివారం కూడా బడేనా? ఇంక చదువుకునేదెప్పుడు?" అన్నాను.

అబ్బాయి బతిమాలాడు. అమ్మాయి ఏమీ అనలేదు. అది ఎప్పుడూ ఏమీ అనేది కాదు. చుట్టాలొస్తే వంటింటి తలుపు వెనక నిలబడేది. బడిలో హాజరు పిలిస్తే గట్టిగా పలకలేక, వెళ్ళి కూడా రానట్టు రాయించుకున్న రోజులున్నాయి. మావారు దాన్ని దగ్గరికి పిలిచి, "నీకూ చేరాలని ఉందా?" అని అడిగారు. తల ఊపింది. ఆయన ఇంకో మాట లేకుండా రెండు కాగితాల మీదా సంతకం పెట్టేశారు.

ఆ డిసెంబరులో బాపట్లలో అబ్బాయిల క్యాంపు పెట్టారు. మూడు రోజులు. మావాడు అంతకుముందు ఒక్క రాత్రి కూడా నన్ను వదిలి ఉన్నవాడు కాదు. మొదటి రోజు ఎలాగో గడిపాను. రెండో రోజు ఉండబట్టలేక, స్టీలు డబ్బా నిండా పులిహోర కలుపుకుని బాపట్ల రైలెక్కాను.

బడి మైదానంలో వరసగా గుడారాలు వేసి ఉన్నాయి. ఓ మూల మూడు ఇటుకల పొయ్యి ముందు కూర్చుని, కళ్ళు ఎర్రగా చేసుకుని ఊదుతున్నాడు మావాడు. నన్ను చూసి పరుగెత్తుకొస్తాడనుకున్నాను. లేచి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, నువ్వెందుకొచ్చావు?" అన్నాడు. ప్రాణం చివుక్కుమంది.

స్కౌట్స్ చూసే డ్రిల్లు మాస్టారు మమ్మల్ని చూసి వచ్చారు. "రండమ్మా, కూర్చోండి. ఇవాళ వంట మీవాడి జట్టుదే. రుచి చూసి చెప్పండి" అన్నారు. ఆకులో ఉప్మా పెట్టారు. సగం మాడింది, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎనిమిది మంది పిల్లలు నా మొహంలోకే చూస్తున్నారు. మొత్తం తినేసి, "బాగుందర్రా" అన్నాను.

మాస్టారు నా డబ్బా వైపు చూసి నవ్వారు. "పులిహోర అందరికీ మీ చేత్తోనే పెట్టండమ్మా. మీవాడికి మాత్రం ఎక్కువ పెట్టకండి."

అలాగే పెట్టాను. అందరి ఆకుల్లోనూ ఒకే కొలత. రైలు కదిలాక కొంగు కళ్ళకద్దుకున్నాను గానీ, ఏడుపు బాధతో వచ్చింది మాత్రం కాదు.

ఆ మరుసటి ఏడు కృష్ణకు పుష్కరాలొచ్చాయి. రేపల్లె దగ్గర పెనుమూడి రేవులో సేవకు మా అమ్మాయి జట్టును పంపించారు. వాళ్ళతో గైడ్స్ చూసే లెక్కల టీచరుగారు వెళ్ళారు. రెండో రోజు మా అత్తగారు, నేను స్నానానికి వెళ్ళాం. ఇసుక వేస్తే రాలని జనం. నడుము లోతు నీళ్ళలో అత్తగారి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఒడ్డున మైకులో ఓ మగగొంతు ఎవరో ముసలాయన్ని పేరుపెట్టి పిలుస్తోంది. మూడుసార్లు పిలిచి ఊరుకుంది. కాసేపటికి ఇంకో గొంతు వచ్చింది. సన్నగా, వణుకుతూ.

"ఈపురుపాలెం నుంచి వచ్చిన తాతగారొకరు తప్పిపోయారండి. వాళ్ళావిడ ఇక్కడ మైకు దగ్గరే ఉన్నారండి. ఆయనకి చెవులు వినపడవండి. అందుకని ఆయన్ని పిలవడం లేదు, ఆయన పక్కనున్నవాళ్ళని పిలుస్తున్నానండి. ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. భుజం మీద ఎర్రంచు తువ్వాలు. కనపడితే చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకురండి."

అత్తగారు నా చెయ్యి గట్టిగా నొక్కారు. "ఏంటే, మన పిల్ల గొంతులా ఉందే!"

"దానికంత ధైర్యం ఎక్కడిదండీ?" అన్నాను. అంటూనే వెనక్కి తిరిగాను. మెట్ల మీద, మాకు పదడుగుల దూరంలో, ఎర్రంచు తువ్వాలు.

మూట ఒళ్ళో పెట్టుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాడాయన. భుజం తట్టి, "మీ ఇంటావిడ మైకు దగ్గరున్నారు తాతగారూ, రండి" అని అరిచాను.

"మైలా? మైలేం లేదమ్మా, స్నానం అయింది" అన్నాడు. "మా ఇంటిది ఇక్కడే కూర్చోమంది. కదిలితే ఊరుకోదు."

మా అత్తగారు ఇంక మాటలు పెట్టుకోకుండా ఆయన మూట అందుకుని నడవడం మొదలుపెట్టారు. మూట కోసం ఆయన లేచాడు. ఆయన వెనక నేను.

పందిట్లో స్టూలు పక్కన మైకు పట్టుకుని నిలబడి ఉంది మా అమ్మాయి. మమ్మల్ని చూసింది. చూసి కూడా ఆపకుండా, చెబుతున్న మాట చివరిదాకా చెప్పి, అప్పుడు మైకు దించింది. ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుని, "చీర మార్చుకుని వస్తూ నేనే దారి తప్పానయ్యా. నేను కూర్చోమన్నచోటే కూర్చున్నావా?" అని ఏడ్చేసింది. ఆయనకు వినపడలేదు. అయినా తల ఊపాడు.

ఆ మైకు దాని చేతికెలా వచ్చిందో టీచరుగారు చెప్పారు. మైకాయన పిలిచి పిలిచి విసిగిపోతే, మా అమ్మాయి టీచరుగారి చెవి దగ్గర, "వినపడని మనిషిని పిలిస్తే ఎలా వస్తాడండి?" అందట. "అయితే ఎవర్ని పిలవాలో నువ్వే పిలువు" అని ఆవిడ మైకు దాని చేతిలో పెట్టారట. అంతే.

అబ్బాయి పదో తరగతికొచ్చాక పరీక్షలని చెప్పి నేనే స్కౌట్స్ మాన్పించాను. వాడు యూనిఫాం మడతపెట్టి ఇచ్చేశాడు. ఇంకో ఏడాది ఉండనివ్వాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. వాడు మాత్రం నన్ను ఏనాడూ దెప్పలేదు. ఎవరింట్లో ఏ పనైనా ముందు వెళ్ళి నిలబడతాడు. అమ్మాయి వ్యవసాయం చదివి, ఊళ్ళు తిరిగి రైతులతో మాట్లాడే ఉద్యోగం చేస్తోంది.

టీచరుగారు రిటైరై రేపల్లెలో ఉన్నారని తెలిసి ఓ మధ్యాహ్నం వెళ్ళాను. మీకో మాట చెప్పాలని వచ్చానన్నాను. కాఫీ ఇచ్చి, "ఏంటండీ, ఏదో చెప్పాలన్నారు?" అని అడిగారు.

"మీరూ, డ్రిల్లు మాస్టారూ మా పిల్లల్ని ఇంటికి దూరంగా తీసుకెళ్ళారు కదండీ. అందుకు" అన్నాను.

ఆవిడ నవ్వారు. "అందరూ క్షేమంగా తిరిగి తీసుకొచ్చినందుకే థాంక్స్ చెబుతారండీ. తీసుకెళ్ళినందుకు చెప్పింది మీరొక్కరే."

ఆ పూట భోంచేసి వెళ్ళమని పట్టుబట్టారు. కొల్లూరు లంకల నుంచి వచ్చిన అరటికాయలతో కూర చేశారు. ఇద్దరం పాత పిల్లలందరి గురించీ, ఒక్కొక్కళ్ళనే గుర్తుచేసుకుంటూ, బండి వేళదాకా మాట్లాడుకున్నాం.