వేటకు వీసా

ఆ రోజుల్లో నాకు అడవి అంటే ప్రబంధాల్లో చదివిన మృగయావర్ణనలే తప్ప వేరే ఎరుక లేదు. ప్లెయిన్స్‌బరోలో ఒక మందుల కంపెనీలో కొత్తగా ప్రోగ్రామరు ఉద్యోగం. అపార్ట్‌మెంటు కిటికీలోంచి కనబడే అరణ్యమల్లా పార్కింగు వెనుక నిలిచిన నాలుగు మేపుల్ చెట్లు. శరత్తులో అవి ఎర్రబడగానే నా మనస్సు డేగలతో, జాగిలాలతో మంచు తెరల నడుమ ఎక్కడెక్కడో సంచరించేది. (మాంసం ముట్టనివాడికి వేట మోజేమిటని అడగకండి, నాకు కావలసింది మృగం కాదు, వర్ణన.)

మా మేనేజరును చాటున దొర అనేవాళ్ళం. ఆయన ఏటా కెనడా వెళ్ళి, మూస్ అనే గుర్రమంత దుప్పి కోసం అడవిలో పొంచి ఉండేవాడు. తుపాకికి జంకని ఆ మనిషికి కాగితాలంటే హడలు. నా రాతకోతల పొందిక చూసి ముచ్చటపడి, ఆ యేడు తుపాకి డిక్లరేషను, వేట లైసెన్సు, శిబిరంవారి ఉత్తరం అన్నీ నేను సిద్ధం చేస్తే నన్నూ వెంట తీసుకువెళ్తానన్నాడు. ఇక నా పాదాలు నేలమీద ఆనలేదు. ఒక్కొక్క ఫారానికి మూడేసి ప్రతులు తీసి, తాళపత్రాలంత భక్తితో ఫైలులో అమర్చాను. డిక్లరేషను మీద సంతకం సరిహద్దు అధికారి కళ్ళెదుటే చేయాలని పసుపు చీటీ కూడా అంటించాను.

ఆ తన్మయత్వంలో నా సొంత వీసా దరఖాస్తును, నాతో గది పంచుకొనే గోదారి బావకు అప్పగించాను. (చుట్టరికమేమీ లేదు, ఆయన అందరికీ బావే.) ఒకనాడు ఆఫీసుకు ఫోన్ చేశాడు.

“పర్పస్ ఆఫ్ విజిట్ ఏం రాయమంటావ్ బావా?”

“వేటకి.”

“నువ్వా? వేటకా?” అవతల కీబోర్డు టకటకలాడింది. “సరేలే, నాకెందుకు. సబ్మిట్ చేసేస్తున్నా.”

వీసా కార్యాలయంలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకొని, ఎన్ని కావాలని అడిగింది. కంటబడడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుందన్నాను. ప్రాణంతో తెస్తారా, కోసి తెస్తారా అంది. చంపే ఉద్దేశమే లేదని, దూరాన నిలిచి చూసి వస్తానని విన్నవించి, ప్రాతఃకాలపు మంచులో వాటి కొమ్ముల శోభను నాకు వచ్చిన ఇంగ్లీషులో వర్ణించాను. ఆవిడ ఓపికగా విని, పశువుల దిగుమతి పర్మిట్ తెచ్చుకొమ్మని పాస్‌పోర్టు తిరిగి ఇచ్చింది. అప్పుడు చదివాను దరఖాస్తు: మేకల కొనుగోలు.

ఇంటికి వచ్చి నిలదీస్తే బావ తెల్లబోయాడు. “మా వైపు వేటంటే మేకపోతే కదా బావా. నువ్వేమో మటన్ తినవు. తిండికి కాదంటే బిజినెస్సే అనుకున్నా.”

కర్నూలువాణ్ణి, మాకు పొట్టేలే తెలుసు. మళ్ళీ దరఖాస్తు పెట్టి వీసా వచ్చేసరికి వేట గడువు ముగిసింది. దొర నా ఫైలుతో ఒంటరిగా వెళ్ళి, ఏమీ కొట్టకుండా తిరిగి వచ్చాడు. సరిహద్దులో అధికారి కాగితాలను మెచ్చుకున్నాడని చెప్పి, మంచు కప్పిన సరస్సు ఫొటో ఒకటి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను ఈ దేశపు పౌరుణ్ణి. కెనడాకు వీసా అక్కరలేదు. మోకాళ్ళే సెలవివ్వాలి. మొన్న ఫ్రీమాంట్ నుంచి బావ ఫోన్ చేశాడు.

“వేటకి పోదామా బావా?”

“ఏ వేటకి?”

“నీ వేటకే. నా వేటకి డాక్టర్ ఒప్పుకోవట్లేదు.”

ఫారాలు నేనే నింపుతానన్న షరతు మీద సరేనన్నాను. ఫోన్ పెట్టేసి గోడమీది ఫొటో వంక చూస్తే, ఆ సరస్సు మీద మంచు ఇంకా విడలేదు. దాని వెనుక కొమ్మలో, కొమ్ములో, ఏవో కదిలినట్టే ఉన్నాయి.