మేనల్లుడి మోకాలు

పోయిన నెల మా టోవా పాయో పేట క్లినిక్‌లో, నా మనవరాలి ఈడున్న డాక్టరమ్మ నా కుడి మోకాలు నొక్కి చూసి, "అంకుల్, లాస్ట్ టైమ్ ప్లే ఫుట్‌బాల్ ఆ?" అని, ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడేవారా అన్నట్టు, ఇక్కడి ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను. ఇంటికి వచ్చేదాకా మా మేనల్లుడి మోకాలే కళ్ల ముందు మెదిలింది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఇక్కడి ఓడల రేవులో పనికి వచ్చినవాడు. బంతి తన్నినందుకు జీతమిస్తారంటే ఆయన చివరిదాకా నమ్మలేదు. మా జట్టులో అలా జీతం పుచ్చుకుని ఆడిన తొలి నలుగురైదుగురిలో నేనొకణ్ణి. ఆడటం మొదలెట్టిన ఏడో ఏట నా మోకాలు వాచి ఉంటే, అప్పటి మేనేజరు నొప్పి తెలియకుండా సూది వేయించి నన్ను మైదానంలోకి పంపాడు. అదే నా ఆఖరి ఆట. ఆ తర్వాత మూడు నెలలు మా అక్క నా కాలు ఒళ్లో పెట్టుకుని వేడి ఆముదం రాసింది.

కొన్నాళ్లకు ఆ జట్టుకే నన్ను మేనేజరుగా పెట్టారు. నా చేతికింద ఎవరికీ ఆ సూది పడనివ్వనని అక్కకు మాటిచ్చాను, కొన్నేళ్లు నిలబెట్టుకున్నాను కూడా. ఆ రోజుల్లోనే అక్క కొడుకు మా జట్టులో చేరి, వెనక వరుసలో గోడలా నిలబడేవాడు. ఒక ఏడు చివరి ఆట ఓడితే జట్టునే ఎత్తేస్తామని కమిటీవాళ్లు కబురు పెట్టారు. అంటే ఇరవై మంది ఉద్యోగాలు. సరిగ్గా ఆ ఆట రోజు మధ్యాహ్నం వాడి మోకాలు కొబ్బరిబోండంలా ఉబ్బింది. జట్టు డాక్టరు సూది పట్టుకుని నా వైపు చూశాడు.

"నొప్పిగానే ఉంది మామయ్యా. మీరు ఆడమంటే ఆడతాను," అన్నాడు వాడు.

వేయమన్నాను.

గెలిచాం. రెండో సగంలో ఎవరూ తగలకుండానే వాడు కుప్పకూలాడు. మోసుకెళ్తుంటే, సూది ఇంకా పనిచేస్తోంది కాబోలు, ఏం లేదు మామయ్యా అంటూ నవ్వుతూనే ఉన్నాడు. మరుసటి ఏడు జట్టును ఎలాగూ ఎత్తేశారు. రెండు ఆపరేషన్లయినా వాడి కాలు మళ్లీ వంగలేదు. ఇప్పుడు ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్‌లో ఒక భవనం కింది అంతస్తులో, సెక్యూరిటీ బల్ల వెనక కాలు చాపుకుని కూర్చుంటాడు.

అక్క నన్ను తిట్టలేదు. ఆసుపత్రి వరండాలో, "తెలీక చేసినా బాగుణ్ణురా తమ్ముడూ. నీకు తెలుసు కదా," అంది. తను కన్నుమూసేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు. మేనల్లుడు మాత్రం ప్రతి ఉగాదికీ వస్తాడు. కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగలేక, నిలబడే చేతులు జోడిస్తాడు. ఆ క్షణం నేను ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూస్తాను.

ఈ రోజుల్లో ఆటగాడు పడిపోతే జట్టు వైద్యం చూసే ఒక అమ్మాయి మందుల సంచితో పరుగెత్తుకొచ్చి, కాలు చూసి, వీల్లేదని చెయ్యి ఊపుతుంది. ఎంత పేరున్నవాడైనా బయటికి రావలసిందే, మేనేజరు నోరెత్తడు. మా కాలంలో వద్దని చెప్పేందుకు మైదానంలో ఎవరూ ఉండేవారు కారని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కాని ఆ రోజు నేనున్నాను.