గొర్రెపిల్ల లేని నడక

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలైన ఎండాకాలంలో, చింతచెట్టు మీది నుంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. మాది పెద్దవూర దగ్గరి పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. వెదురు బద్దల కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ మోకాలు బిగుసుకుపోయింది. రోజూ నడిస్తేనే సాగుతుందని కట్టు కట్టినాయన చెప్పాడు. రెండు రోజులు నడిచాను. మూడో రోజు నొప్పికి తాళలేక మంచం దిగనన్నాను. "ఇగ కుంటిదే అయితది" అని వాకిట్లో ఆడవాళ్ళు నాకు వినబడేట్టే అనుకున్నారు.

మా తాతయ్య గొర్రెల దొడ్లోకి వెళ్ళాడు. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లను తెచ్చి నా ఒళ్ళో వేశాడు. ఊరి చివర ఉండే, నాకు వరసకు అక్కయ్యే ఆమె ఇంట్లో పాలిచ్చే మేక ఉందనీ, రోజూ పొద్దున్నే తీసుకుపోయి తాగిస్తేనే ఇది బతుకుతుందనీ చెప్పి మంద వెంట వెళ్ళిపోయాడు. అది తెల్లారకముందే అరిచేది. నొప్పి అంటే వినే రకం కాదు. కర్ర పట్టుకుని, పళ్ళు బిగబట్టి, దాన్ని వెంటబెట్టుకుని పోయేదాన్ని. వానలు బాగా పడేనాటికి కర్ర మూలకు చేరింది.

ఒకరోజు ఆ అక్క నవ్వుతూ అసలు సంగతి బయటపెట్టింది. "మేక మాదెక్కడిది పిల్లా? మీ తాతే హాలియా అంగట్ల కొనుక్కొచ్చి గీడ కట్టేసిండు. ఇంటికాడ కడితే నువ్వు నడుస్తవా మరి!"

ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి తాతయ్య మీద విరుచుకుపడ్డాను. ఆయన తొణకలేదు.

"అవ్, మోసమే జేసిన. పిల్ల మేత తినవట్టింది, దానికి ఇగ పాలక్కర లేదు. రేపటి సంది మందల పోతది. నువ్వు మంచిగ పండుకో, లేపేటోళ్ళు లేరు."

ఆ చివరి మాట గుచ్చుకుంది. మర్నాడు ఏ అరుపూ లేకుండానే లేచి, వట్టి చేతులతో ఊరి చివరికి పోయాను.

"గొర్రెపిల్లేదే?" అంది అక్క.

"అది లేదు. నేనొచ్చిన" అన్నాను.

2012లో, నా అరవై ఎనిమిదో ఏట, మిర్యాలగూడలో డాక్టర్లు షుగరని తేల్చి రోజూ నడవమన్నారు. "నాలుగు దినాలు నడుస్తది, అయిదోనాడు మోకాళ్ళంటది" అని నా కొడుకు నవ్వాడు. కోడలు తోడెవరినైనా చూస్తానంది. వద్దన్నాను. రెండేళ్ళు దాటింది, కొడుకు నవ్వడం మానేశాడు. పొద్దున్నే నన్నెవరూ పిలవరు. కాలు కింద పెట్టగానే మోకాలు ఒప్పుకోదు. దాని మాట వినడం నేను తొమ్మిదేళ్ళప్పుడే మానేశాను.