సందులేని మడి

1989 అక్టోబరు 14, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. అల్వాల్‌లో బ్రహ్మచారి అనే వడ్రంగి తన అరెకరం వరిమడి నడుమ కాలినట్టు ఎండిన గుండ్రని మచ్చను చూసి గట్టు మీదే ఆగిపోయాడు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ మడే.

రెండు మీటర్లకొక కాలిబాట వదలమన్న వ్యవసాయాధికారి మాటను నాట్లప్పుడు అతడు వినలేదు. తలుపు బిగింపులో వెంట్రుకవాసి సందును కూడా సహించని చేయి అతనిది. గాలీ వెలుతురూ చొరని ఆ చిక్కని పైరులో, నిలవనీటికి కాస్త పైన, మొదళ్లను పట్టుకొని రసం పీల్చే సుడిదోమ పెరిగింది.

"సందు కనబడితే చెక్క కొట్టేదాంక నీకు నిద్ర పట్టదు. మడి సుత తలుపే అనుకున్నవా?" అంది భార్య విమలమ్మ.

"జెర ఊకో. ముందుగాల నీళ్లు తీద్దాం."

నీరు తీశారు. పైరును పాయలుగా చీల్చి బాటలు చేశారు, మందు కొట్టారు. దుబ్బుకు ఇరవై ఐదు దోమలు దాటితే ముప్పు తప్పదని వ్యవసాయాధికారి ముందే హెచ్చరించాడు. నాలుగు రోజుల తర్వాత, మచ్చ పక్కన ఇంకా పచ్చగా ఉన్న పైరు దగ్గరకు పోకుండా బ్రహ్మచారి గట్టు మీదే ఉండిపోయాడు. విమలమ్మే వంగి, ఒక దుబ్బును పళ్లెంలోకి తట్టి, రాలిన దోమలను లెక్కపెట్టింది.

నలభై ఒకటి.