పెరుగన్నం తరువాత లిమోన్‌చెల్లో

పెరుగన్నం తరువాత ఏం పుచ్చుకోవాలన్న విషయంలో తెలుగుజాతి ఏనాడో తమలపాకు పక్షాన తీర్పు ఇచ్చేసింది. ఆ తీర్పును మొన్న శనివారం సిడ్నీలోని క్వేకర్స్ హిల్‌లో విద్యావతిగారు తిరగదోడారు. చరిత్రకారులెవరూ హాజరు కాలేదు. భోజనానికి పిలిచినవాళ్లే వచ్చారు.

విద్యావతిగారిది కాకినాడ. పాతికేళ్లుగా రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. పెరట్లో నిమ్మచెట్టు విరగకాస్తుంది. ఎన్ని జాడీల ఊరగాయ పెట్టినా తరగని ఆ కాయల్ని చూసి, పక్కింటి ఇటలీ మామ్మ లిమోన్‌చెల్లో నేర్పింది. నిమ్మతొక్కల్ని ఘాటైన స్పిరిట్‌లో ఊరబెట్టి, వడగట్టి, పంచదార పాకం కలిపి ఫ్రీజర్‌లో పెట్టాలి. భోజనమయ్యాక బుల్లి గ్లాసుల్లో చల్లగా ఇవ్వాలి. సరిగ్గా చేస్తే ఆ స్పిరిట్ ఘాటుకి ఫ్రీజర్‌లో కూడా గడ్డకట్టదని మామ్మ హామీ. ఊరబెట్టడం కాకినాడ మనిషికి ఎంత పని? ఇవ్వడం దగ్గరే వచ్చింది చిక్కు.

ఆ ఇంట్లో మందుకొక రాజ్యాంగం ఉంది. మగవాళ్లు భోజనానికి ముందు గరాజ్‌లో, కారు వెనక నిలబడి, స్టీలు గ్లాసుల్లో తాగుతారు. అది అందరికీ తెలుసు గనక ఎవరూ చూడరు. ఆడవాళ్లకు మ్యాంగో జ్యూస్. ఈ రాజ్యాంగ పరిరక్షకులు ఆవిడ బావగారు వాసుదేవరావు. పై ఊరు గంగాలిన్ నుంచి వచ్చి వారంగా గెస్ట్ రూంలో మకాం.

ఆ రోజు భోజనాలయ్యాక విద్యావతిగారు పేరంటాల వెండి గ్లాసులు తీసి ఆడవాళ్ల ముందు పేర్చారు.

"ఏమిటమ్మాయ్ ఇవి?" అన్నారు బావగారు.

"డైజెషన్‌కి చిన్న డ్రింకండీ."

"డైనింగ్ టేబుల్ మీదా? లేడీస్‌కా? ఎదురుగా స్వామి పటం ఉంది!"

"గరాజ్‌లోకి స్వామి చూపు ఆనదా బావగారూ?"

ల్యాబ్‌లో ఆవిడ జూనియర్ అమూల్యకు మజ్జిగ పొలమారింది.

"విద్యా, నెక్స్ట్ టైం చూద్దాంలే," అని భర్త రాధాకృష్ణ గొణిగాడు.

"మీ నెక్స్ట్ టైం కోసం పాతికేళ్లు జ్యూస్ తాగానండీ. చెట్టు నాది, టేబుల్ నాది. వద్దనుకునేవాళ్లకి తమలపాకులున్నాయి."

"అయితే నేను లేచి వెళ్లిపోతాను!"

"లేవండి. దారిలోనే ఫ్రీజర్. ఆ బాటిల్ ఇలా అందించి వెళ్లండి."

బావగారు లేవలేదు. ఫ్రీజర్ మాట విన్నాక మరీ గట్టిగా కూర్చున్నారు.

విద్యావతిగారే తెచ్చి, మొదటి గ్లాసు మీదికి బాటిల్ వంచారు. చుక్క రాలలేదు. లైటు కేసి పట్టి చూశారు. లోపల అంతా ఒకటే మంచుగడ్డ. అడుగున పచ్చటి పొర. ల్యాబ్‌లో సీసాల అడుగున పేరుకున్నవి చూసి బతికిన మనిషి. మూత తీసి వాసన చూశారు.

"పసుపు," అన్నారు.

"నేను కాదు, ఒట్టు!" అన్నాడు రాధాకృష్ణ. "నేను గరాజ్ దాటలేదు."

తాగినంత మేరా నీళ్లు పోసి, రంగు తగ్గిందని చిటికెడు పసుపు కలిపితే గడ్డకట్టక ఏం చేస్తుంది? అందరి చూపులూ వాసుదేవరావుగారి మీదికి మళ్లాయి. ఆయన తమలపాకు ఈనెలు పరిశీలిస్తున్నారు.

"డైజెషన్‌కే అమ్మాయ్," అన్నారు చివరికి.

"సంతోషం. వచ్చే శనివారం ఇదే టేబుల్ మీద కొత్తది ఇస్తాను. మొదటి గ్లాసు మీకే, స్వామి ఎదురుగానే. అభ్యంతరమా?"

అభ్యంతరం రాలేదు. రాజ్యాంగం సవరణకు నోచుకుంది. గెలిచిన విద్యావతిగారు వెండి గ్లాసులు తీయలేదు, అక్కడే ఉంచారు.

ఆ రోజుకి వాటిలో పోసింది మ్యాంగో జ్యూసే.